అమెరికా రేసింగ్ రంగు: తెలుపు మీద నీలమా, నీలం మీద తెలుపా?

నీలం రంగు కోబ్రా (అమెరికాలో షెల్బీ కట్టిన స్పోర్ట్స్ కారు) ఫొటో ఒకటి బయటికొస్తే చాలు ఈ గొడవ మళ్ళీ మొదలు, అమెరికా అసలు రేసింగ్ రంగు ఏదని. 1900ల మొదట్లో దేశాల మధ్య జరిగిన గోర్డన్ బెన్నెట్ కప్పు కార్ల రేసుల రోజుల్లో దేశానికో రంగు ఇచ్చిన కథ అందరికీ తెలిసిందే, అది వదిలేస్తున్నా. నన్నడిగితే విషయం తేలేది 1951 లె మాన్స్‌లోనే, అదే ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల కార్ల రేసులో.

బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ బాగా డబ్బున్నాయన, అమెరికా కారుతో, అమెరికా డ్రైవర్లతో లె మాన్స్ గెలవాలని పట్టుబట్టి ఫ్లోరిడాలో సొంతంగా కార్లు కట్టించాడు. ఆ ఏడాది దింపిన మూడు సీ-2ఆర్ కార్లకీ తెల్ల బాడీ, దాని మీద ముందు నుంచి వెనకదాకా రెండు నీలం పట్టీలు. అవి సోకు కోసం వేసినవి కావు. అమెరికా కార్లకి బాడీ తెలుపు, ఛాసిస్ (కింద ఉండే చట్రం) నీలం అన్నది పాత పద్ధతి, కానీ కొత్త బాడీలు ఛాసిస్‌ని పూర్తిగా కప్పేశాయి కదా, అందుకే లోపల చట్రంలో ఉన్న రెండు పొడవాటి రెయిల్స్‌కి గుర్తుగా పైన పట్టీలు గీశారని చెప్తారు. మొత్తమ్మీద గెలుపు ఆయనకి దక్కలేదు, 1953లోనూ 1954లోనూ మూడో స్థానమే. 1960లో అవే రంగుల్లో మూడు షెవ్రొలే కార్వెట్ కార్లు లె మాన్స్‌కి తీసుకెళ్ళాడు, అందులో మూడో నంబర్ కారు చివర్లో ఇంజిన్ కాగిపోతుంటే, మధ్యలో నీళ్ళు పోయడానికి రూల్ ఒప్పుకోదు కాబట్టి, కుర్రాళ్ళు ఇంజిన్ చుట్టూ ఐస్ కుక్కి పంపించారు, అది ఎనిమిదో స్థానంలో వచ్చి తన క్లాస్ గెలిచేసింది!

కోబ్రా కట్టిన కారల్ షెల్బీ ఆ రంగుల వరసని తిరగేశాడు. నీలం ఒంటి మీద తెల్ల పట్టీల డేటోనా కూపేలతో (పైకప్పున్న కోబ్రా రేసు కార్లు) 1965లో జీటీ ఛాంపియన్‌షిప్ కొట్టాడు, అది చాలా పెద్ద గెలుపు, జనం కళ్ళలో నీలం నిలిచిపోయిందంటే అందుకే. కానీ అదే ఏడాది ఆయన అమ్మిన జీటీ350లన్నీ (ఫోర్డ్ మస్టాంగ్‌కి ఆయన చేసిన స్పోర్ట్స్ రకం) తెల్లవే, పట్టీలు వేస్తే నీలం పట్టీలే.

1966లో ఫోర్డ్ లె మాన్స్‌లో మొదటి మూడు స్థానాలూ కొట్టినప్పుడు ఆ కార్లు నలుపు, లేత నీలం, బంగారు రంగు. 1968 నుంచి స్పాన్సర్ల రంగులొచ్చి దేశాల రంగుల్ని పక్కకి నెట్టేశాయి. కాబట్టి కోబ్రాకి నీలం వేసుకోండి, అది షెల్బీ రంగు, అమెరికా రంగు అనాలంటే మాత్రం కన్నింగ్‌హామ్ తెలుపే ముందు.