ఆ బూడిదరంగు పొరను గీకకండి

చిరంజీవులకు ఆశీస్సులు.

ల్యాబ్‌లో మఫిల్ ఫర్నేస్‌ను, అంటే సాంపిళ్లను కాల్చే కరెంటు కొలిమిని, శుభ్రం చేసే పని ఈసారి మీకు అప్పగించారని రాశారు. చాలా సంతోషం. మొదలుపెట్టే ముందు ఒక్క మాట. అది గిన్నె తోమి తళతళలాడించడం లాంటిది కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ పొరపాటే చేశాను. లోపలి గోడల గాడుల్లో చుట్టలుగా ఉన్న, కరెంటుతో కాగే తీగ బూడిదరంగుకు తిరిగి మసకగా కనిపించింది. మురికి అనుకుని బ్రష్షుతో రుద్దాను. రెండో చుట్ట దగ్గర తీగ ఎండుపుల్లలా పుటుక్కున విరిగింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అది మురికి కాదర్రా, తీగకు కవచం. చాలా ఫర్నేసుల్లో ఆ తీగ ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రలోహం. బాగా కాగినప్పుడు అందులోని అల్యూమినియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన సన్నటి అల్యూమినా పొర కడుతుంది. లోపలి లోహాన్ని కాపాడేది ఆ పొరే. కొత్త తీగ వేశాక ఖాళీ ఫర్నేస్‌ను 1000 డిగ్రీలు దాటించి కొన్ని గంటలు ఉంచమనేది కూడా ఆ పొర కట్టడానికే. ఒకసారి అలా కాగిన తీగ చల్లారాక పెళుసుబారుతుంది. అందుకని దాన్ని వంచకండి, లాగకండి, అసలు ముట్టుకోకండి.

స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ కూడా పీకేసి పూర్తిగా చల్లారనివ్వండి. లోపలి పొడిని నోటితోగానీ కంప్రెసర్ గాలితోగానీ ఊదొద్దు. గోడలకు సిరామిక్ ఫైబర్, అంటే వేడిని ఆపే దూదిలాంటి పీచు, ఉంటే, ఎక్కువ వేడికి ఏళ్ల తరబడి కాగి అందులో క్రిస్టోబలైట్ అనే సిలికా తయారవుతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా హాని. మంచి మాస్కు పెట్టుకుని, సన్నటి దుమ్మును కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌తో మెల్లగా లాగండి, గొట్టం మూతి తీగకు తగలకుండా. బయటి రేకుకు తడిగుడ్డ చాలు.

అడుగున గాజులా మెరిసే మరక ఉందేమో చూడండి. సోడియం కార్బొనేట్, బోరాక్స్ లాంటివి సాంపిల్ పెట్టే చిన్న మూకుడు, అదే క్రూసిబుల్‌లోంచి పొంగితే ఇటుకను తినేస్తాయి, తీగ మీద పడితే ఆ పొరనూ వదలవు. అందుకే క్రూసిబుల్ కింద ఎప్పుడూ అల్యూమినా పళ్లెం పెట్టండి. పాడైతే పళ్లెం మార్చుకోవచ్చు. సాంపిల్‌ను బూడిద చేసేటప్పుడు పొగ పోయే రంధ్రం తెరిచే ఉంచండి. ఇటుకల్లో వెంట్రుకవాసి పగుళ్లు చూసి టెన్షన్ పడొద్దు, వేడికి సాగి చల్లారితే ముడుచుకునే ఇటుకకు అవి మామూలే.

నన్ను ఎక్కువ భయపెట్టేది లోపలి వేడిని కొలిచే థర్మోకపుల్. వెనక నుంచి లోపలికి వచ్చే ఆ కడ్డీ కాస్త బయటికి జారిందంటే, అసలు వేడి కన్నా తక్కువ చూపిస్తుంది. వేడిని అదుపు చేసే కంట్రోలర్ అదే నిజమనుకుని కరెంటు పంపుతూనే ఉంటుంది, చివరికి తీగ కాలిపోతుంది. తుడిచిన ప్రతిసారీ దాని కొన పాతచోటే ఉందో లేదో చూడండి. వెనక మూత విప్పి టెర్మినల్ స్క్రూలు బిగించడం మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

చాలా రోజులు వాడకుండా ఉంటే ఇటుకలు చెమ్మ పీలుస్తాయి. కాబట్టి మళ్లీ మొదలుపెట్టే రోజు ఆ రంధ్రం తెరిచి, ఖాళీగానే, నిదానంగా వేడి పెంచండి. ఆ పూట ఒకరు దగ్గరే ఉండండి.

మీ తాతయ్య