కల్వంలో తగరం

ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచాలంటే లోపల కళాయి ఉండి తీరాలి. అది అరిగిపోతే పులుసు చిలుమెక్కుతుంది. కళాయి వేసేవాళ్లు గిన్నెను కొలిమి మీద వేడి చేసి, నవాసాగరం చల్లి, తగరం ముక్క రుద్ది, గుడ్డతో ఒక్క చుట్టు తిప్పేసరికి లోపలంతా వెండిలా తళతళలాడేది. అక్కడ తగరం చేసే పనల్లా పులుపు ఇత్తడికి తగలకుండా అడ్డు నిలబడడమే.

అదే తగరాన్ని పరమాణువులుగా విడదీసి, ఒక్కోదాన్ని జియోలైట్ స్ఫటికంలో విడివిడిగా కూర్చోబెడితే ఆ నెమ్మది పోతుంది. దగ్గరికొచ్చిన చక్కెర అణువును పట్టుకుని, దాని రూపం మార్చి పంపిస్తుంది. అలా కూర్చోబెట్టడం ఎలాగన్నదే ఇక్కడ అసలు చిక్కు.

1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెట్ ఒక రాయిని మంటలో పెడితే అది ఆవిరి కక్కుతూ ఉడికినట్టు పొంగింది. దానికి గ్రీకులో ‘మరిగే రాయి’ అని అర్థం వచ్చేలా జియోలైట్ అని పేరు పెట్టాడు. పుణె చుట్టుపక్కల దక్కన్ నల్లరాళ్ల బోలు గదుల్లో ఇవి అందమైన స్ఫటికాలుగా దొరుకుతాయి. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి అల్లుకున్న వల ఇది. అందులో అణువులు దూరేంత సందులుంటాయి. 1960ల్లో అమెరికాలో మొబిల్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన ‘బీటా’ అనే రకంలో సందు వెడల్పు సుమారు 0.7 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో దాదాపు లక్షో వంతు. గ్లూకోజ్ అణువు అందులోకి దూరగలదు.

2001లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో అవెలీనో కోర్మా బృందం ఈ బీటా చట్రంలో నూరుకు పైగా సిలికాన్‌లకు ఒక్కటి చొప్పున తగరాన్ని పెట్టింది. ఎదుటి అణువులోని ఆక్సిజన్ నుంచి ఎలక్ట్రాన్ జంటను అందుకునే గుణం ఆ తగరానికి ఉంది. కీటోన్‌లో ఆక్సిజన్‌ను చొప్పించి ఎస్టర్‌గా మార్చే చర్యను బేయర్, విల్లిగర్ 1899లో కనిపెట్టారు. దానికి అప్పటిదాకా పెరాసిడ్లు, అంటే ఒక ఆక్సిజన్ ఎక్కువున్న ఆమ్లాలు వాడేవారు. ఎంత సరుకు తయారైతే దాదాపు అంత వాడేసిన ఆమ్లం మిగిలేది. కొత్త ఉత్ప్రేరకం ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు, మిగిలేది నీళ్లే. 2010లో అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో మార్క్ డేవిస్ బృందం దీన్ని గ్లూకోజ్ నీళ్లలో వేసి 140 డిగ్రీల్లో 12 నిమిషాలు ఉంచితే 31 శాతం ఫ్రక్టోజ్, 9 శాతం మానోజ్ వచ్చాయి. గ్లూకోజ్ రెండో కార్బన్ మీది హైడ్రోజన్ మొదటి కార్బన్ మీదికి జరుగుతుంది, అంతే. పరిశ్రమల్లో ఈ పని ఎంజైమ్ చేస్తోంది, కానీ దానికి వేడి, పీహెచ్ ఏ మాత్రం తేడా వచ్చినా పడదు. అదే ఏడు డెన్మార్క్ పరిశోధకులు మామూలు చక్కెరను మెథనాల్‌లో మిథైల్ లాక్టేట్‌గా మార్చారు. మొక్కల నుంచి వచ్చే ప్లాస్టిక్కుకు అది ముడిసరుకు కాగలదు.

ఇంత శుభ్రమైన పని చేసే పొడిని తయారుచేసే చోటికి వెళ్లి చూడాలి. సిలికా మూలపదార్థం, తగరం క్లోరైడ్, టెట్రాఇథైల్ అమోనియం హైడ్రాక్సైడ్ కలిపిన ద్రవం తేటగా ఉంటుంది. అందులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పోయగానే చూస్తుండగానే తెల్లగా, సున్నం ముద్దలా బిగుసుకుపోతుంది. కలపాలన్నా గరిటె కదలదు. ఆ ముద్దను టెఫ్లాన్ గిన్నెలో కూరి, స్టీలు డబ్బాలో బిగించి, 140 డిగ్రీల ఓవెన్‌లో పెడితే స్ఫటికం కట్టడానికి పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. సిలికాన్ కంటే తగరం లావు, అందుకే చట్రంలో ఇమడడానికి మొరాయిస్తుంది. దాని వాటా పెంచినకొద్దీ స్ఫటికం కట్టడం ఇంకా నెమ్మదిస్తుంది. తర్వాత, స్ఫటికం ఏ అణువుల చుట్టూ అల్లుకుందో ఆ ఖరీదైన అమోనియం మూసను 550 డిగ్రీల పైన కాల్చి పొగ చేసేయాలి.

ఆ హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గాజునే తినేస్తుంది. పలచనిది చర్మం మీద పడితే వెంటనే మంట కూడా తెలియకపోవచ్చు. దానిలోని ఫ్లోరైడ్ లోపలికి ఇంకి, ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. నొప్పి గంటల తర్వాత మొదలవుతుంది. దాంతో పనిచేసేవాళ్లు కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉంచుకుంటారు. ఫ్లోరైడ్ అంటే ఏమిటో నల్గొండ వైపు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడిది రాళ్లలోంచి ఊరినది, ఫ్యాక్టరీలది కాదు. కానీ నీళ్లలో కలిసిపోయాక దాన్ని వెనక్కి తీయడం ఎంత కష్టమో ఆ జిల్లా దశాబ్దాలుగా అనుభవించింది. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. అలాంటి ఫ్లోరైడ్‌ను టన్నుల లెక్కన ఫ్యాక్టరీలోకి తెచ్చుకుని, దాంతో చేసిన సరుకును హరితం అనడానికి నాకు మనసొప్పదు.

2012లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో హామండ్, కాన్రాడ్, హెర్మాన్స్ వేరే దారి పట్టారు. స్ఫటికాన్ని మొదటి నుంచీ కట్టకుండా, బజారులో దొరికే అల్యూమినియం బీటాను తెచ్చుకున్నారు. గాఢమైన నైట్రిక్ యాసిడ్‌లో 100 డిగ్రీల వద్ద 20 గంటలు ఉంచితే అల్యూమినియం కరిగి బయటికొచ్చేస్తుంది, చట్రం మాత్రం నిలుస్తుంది. అల్యూమినియం లేచిపోయిన చోట ఖాళీలు. ఆ పొడిని తగరం అసిటేట్‌తో కలిపి కల్వంలో నూరారు, ఆయుర్వేద మందు నూరినట్టే. తర్వాత 550 డిగ్రీల్లో కాల్చితే అసిటేట్ కాలిపోయి తగరం ఖాళీల్లో కుదురుకుంది. ఫ్లోరైడ్ లేదు, వారాల నిరీక్షణ లేదు. బరువులో 10 శాతం దాకా తగరాన్ని పట్టించగలిగారు.

నూరడంలో తేడా వచ్చినా, ఖాళీలకు మించి తగరం వేసినా పరమాణువులు ఒకచోట గుమిగూడి టిన్ ఆక్సైడ్ అయిపోతాయి. ఆయుర్వేదంలో తగరంతో చేసే వంగ భస్మంలో ఉండేది ప్రధానంగా అదే. మందుగా దాని సంగతేమో గానీ, చక్కెర మార్చడానికి మాత్రం పనికిరాదు. తగరం ఒంటరిగా ఉంటేనే పనిచేస్తుంది.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. తగరం నిండని ఖాళీల్లో హైడ్రాక్సిల్ గుంపులు (ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు) మిగిలి నీళ్లను లోపలికి లాగుతాయి. ఫ్లోరైడ్‌తో చేసిన స్ఫటికం నీళ్లను దూరంగా ఉంచేది కాబట్టి, నీళ్లలో జరిగే చర్యల్లో ఒక్కో తగరం చేసే పని అందులోనే ఎక్కువగా కనిపిస్తుంది. పైగా కొన్న బీటాను కూడా ఎక్కడో ఎవరో ఆ అమోనియం మూసతోనే చేసి ఉంటారు. చైనాలో ఫెంగ్-షౌ షియావ్ బృందం 2008లో మూస లేకుండా, పాలల్లో తోడు వేసినట్టు కాస్త పాత స్ఫటికం వేసి బీటా కట్టించింది. అది నిజంగా గొప్ప అడుగు. అయితే అలా వచ్చిన దానిలో అల్యూమినియం ఎక్కువ. కాబట్టి తీసేయాల్సిందీ, అందుకు పోయాల్సిన యాసిడ్డూ ఎక్కువే.

అందుకే ఇలాంటి పరిశోధన చదివేటప్పుడు ఎన్ని గంటల్లో తయారైందన్న అంకె కంటే కడుగు నీళ్ల లెక్క కోసం ముందు వెతుకుతాను. యాసిడ్‌లోంచి తీసిన పొడిని ఫిల్టర్ మీద పోసి, కింద కారే చుక్కకు పీహెచ్ కాగితం తగిలిస్తే మొదట ఎర్రగా వస్తుంది. మళ్లీ నీళ్లు పోస్తారు, మళ్లీ కాగితం పెడతారు. గుప్పెడు పొడికి ఆ కాగితం ఎర్రదనం వదిలేలోపు కింద బకెట్ నిండుతుంది. కరిగిన అల్యూమినియం, మిగిలిన నైట్రేట్ అన్నీ ఆ బకెట్‌లోనే ఉంటాయి.