బందలో బుడగలు, ఏతాం మీద ఎలక్ట్రాన్లు

గోగు ఊరేసిన బంద (నీటి గుంట) పక్క నుంచి నడిచినవాళ్లకు ఆ వాసన గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆమదాలవలస వైపు మా పల్లెల్లో గోగు కోతలయ్యాక మోపులు నీళ్లలో ముంచి, పైన బరువు పెట్టి వదిలేసేవారు. నార ఊడి వచ్చేలోగా నీళ్లు నల్లబడేవి. అడుగు నుంచి బుడబుడమని బుడగలు లేచేవి. సాయంత్రమైతే అటు వెళ్లొద్దని, కొరివి దెయ్యం తిరుగుతుందని మా నాయనమ్మ అనేది.

కిందటేడు మా బడి పిల్లల్ని అలాంటి బందకే తీసుకెళ్లాను. నీళ్లు నింపిన సీసాను తలకిందులుగా ముంచి, మూతికి గరాటు తగిలించి, కర్రతో బురద కెలికితే కాసేపట్లో సీసా సగం దాకా గ్యాస్ చేరింది. ఒడ్డుకు దూరంగా వచ్చి అగ్గిపుల్ల చూపిస్తే లేత నీలం మంట ఒక్క క్షణం లేచి ఆరిపోయింది. 1776లో ఇటలీలోని మాజియోరె సరస్సు దగ్గర శాస్త్రవేత్త వోల్టా చేసిన పని ఇదే. ఈ గ్యాసే మీథేన్. అది దానంతటది అంటుకోదు, నిప్పు తగలాలి. అందుకే కొరివి దెయ్యం అంటే మీథేనే అని ఒక్క ముక్కలో తేల్చేసి పాఠం ముగించడం నాకు ఇష్టం ఉండదు. ఒక మూఢనమ్మకం తీసేసి, ఆ చోట సగం తెలిసిన విషయాన్ని నమ్మకంగా పెట్టకూడదు కదా.

తిరిగి వస్తుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: "మాస్టారూ, గోబర్ గ్యాస్‌లో నూటికి నలభై వంతుల దాకా కార్బన్ డయాక్సైడే, అది మండదు అన్నారు కదా. దాన్ని కూడా మండేలా చేయలేమా?"

చేయొచ్చు. హైడ్రోజన్ తోడిస్తే చాలు. ఒక కార్బన్ డయాక్సైడ్‌కు నాలుగు హైడ్రోజన్ అణువులు కలిస్తే ఒక మీథేన్, రెండు నీళ్లు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాల్ సబాటియే నికెల్ పొడి మీద, 300 డిగ్రీల వేడిలో ఈ పని చేయించాడు. 1912లో నోబెల్ అందుకున్నాడు. అదే పనిని బంద అడుగున ఉన్న సూక్ష్మజీవి మామూలు వేడిలో, చీకట్లో, చప్పుడు లేకుండా చేసేస్తుంది. దాని దగ్గరున్నదీ నికెలే! మీథేన్‌ను విడిపించే ఎంజైమ్ నడిగుండెలో ఒక నికెల్ పరమాణువు కూర్చుని ఉంటుంది. ఈ జీవులు బ్యాక్టీరియా కావు, ఆర్కియా. 1977లో శాస్త్రవేత్తలు కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ వీటిని వేరే వంశమని చూపించేదాకా వీటినీ బ్యాక్టీరియాలోనే కలిపేసేవారు.

నన్ను ఏళ్ల తరబడి పట్టి ఉంచిన విషయం వేరే ఉంది. కార్బన్ డయాక్సైడ్ బద్ధకపు అణువు. రెండు ఆక్సిజన్లు చెరో పక్కా గట్టిగా పట్టుకుని ఉంటాయి. దాన్ని కదిలించే మొదటి మెట్టుకు శక్తి ఖర్చవుతుంది. ఆకలితో ఉన్న సూక్ష్మజీవికి ఆ పెట్టుబడి ఎక్కడిది?

ఏతాం చూసినవాళ్లకు జవాబు సులువుగా అర్థమవుతుంది. ఏతాం మాను మీద మనిషి వెనక్కి నడుస్తాడు. అతని బరువుకు ఆ కొస కిందికి దిగుతుంది, ఈ కొసన నూతిలోని బొక్కెన పైకి లేస్తుంది. దిగే బరువే ఎక్కే బరువును లేపుతుంది. మధ్యలో కరెంటు లేదు, మోటారు లేదు. ఈ జీవి లోపల సరిగ్గా అలాంటి ఏతామే ఉంది. మనిషి బదులు అక్కడ ఎలక్ట్రాన్ నడుస్తుంది.

కార్బన్‌ను మీథనోఫ్యూరాన్, టెట్రాహైడ్రోమీథనోటెరిన్, కోఎంజైమ్ ఎమ్ అనే మోతగాళ్లు ఒకరి తర్వాత ఒకరు అందుకుంటారు. మట్టి తట్ట చేతులు మారినట్టు కార్బన్ చేతులు మారుతుంది, మారుతున్నకొద్దీ దానికి హైడ్రోజన్లు చేరతాయి. చివర్లో కోఎంజైమ్ బి వచ్చి చేయి కలపగానే మీథేన్ ఊడి వెళ్లిపోతుంది. కానీ ఎమ్, బి రెండూ గంధకం పట్టుకుని ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వాటిని విడదీయాలంటే ఎలక్ట్రాన్లు కావాలి. హైడ్రోజన్ దగ్గర ఎలక్ట్రాన్ మైనస్ 414 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది, ఆ జంట మైనస్ 140 దగ్గర. ఎలక్ట్రాన్‌కు మైనస్ ఎంత ఎక్కువైతే అంత మెరక, అంటే అటు పోవడం పల్లానికి జారడమే, సుమారు 270 మిల్లీవోల్టుల పల్లం. మొదటి మెట్టుకు కావాల్సిన ఫెర్రిడాక్సిన్ అనే ఎలక్ట్రాన్లు మోసే ప్రొటీన్ మైనస్ 500 దాకా, మెరకలో ఉంటుంది. ఒకే ఎంజైమ్ గుత్తి హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను తీసుకుని, ఒకదాన్ని పల్లానికి వదులుతుంది. ఆ ఊపుతో రెండోదాన్ని మెరకకు ఎక్కిస్తుంది. ఎక్కినది వెళ్లి కొత్త కార్బన్ డయాక్సైడ్‌ను కదిలిస్తుంది. చివరి మెట్టు మిగులే మొదటి మెట్టుకు పెట్టుబడి. అందుకే ఇది తిన్నని దారి కాదు, చక్రం. అమెరికా శాస్త్రవేత్త రాల్ఫ్ వుల్ఫ్ పేరు మీద దీన్ని వుల్ఫ్ చక్రం అంటారు. ఇంత నేర్పుగా నడిపినా ఒక మీథేన్‌కు కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒక్కటి కూడా పూర్తిగా దక్కదు. ఎంత పేదరికంలో బతుకుతుందో చూడండి!

ఇక కష్టం ఎక్కడంటే, ట్యాంకులో పెట్టి హైడ్రోజన్ ఊదితే ఈ జీవి తినడానికి సిద్ధమే, నీళ్లే దాన్ని అందనివ్వవు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కార్బన్ డయాక్సైడ్ ముప్పావు లీటరుకు పైనే కరుగుతుంది. హైడ్రోజన్ మాత్రం సుమారు 19 మిల్లీలీటర్లే. కావాల్సిందేమో నాలుగింతలు! పప్పు గంగాళం నిండా ఉంది, అన్నం మాత్రం మెతుకు మెతుకు వడ్డిస్తున్నారన్నమాట. అందుకే ఇంజనీర్ల తంటాలన్నీ బుడగను చిన్నది చేయడం మీదే: గట్టిగా చిలకడం, పీడనం పెంచడం, ముక్కల మీద పలచగా నీరు జారుస్తూ జీవులను పొరలా పెంచడం. డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ దగ్గర అవెడోరెలో 2016లో ఈ జీవులతోనే మీథేన్ చేసే ఒక మెగావాట్ ప్లాంటు నడిచింది.

మరి మన గోబర్ గ్యాస్ తొట్టిలోకే నేరుగా హైడ్రోజన్ వదలకూడదా? జాగ్రత్తగా చేయాలి. 1967లో వుల్ఫ్, ఆయన సహచరులు ఒక వింత బయటపెట్టారు. అప్పటిదాకా ఒకే జీవి అనుకున్న ఒకానొక మీథేన్ సూక్ష్మజీవి నిజానికి ఇద్దరు జీవుల కాపురం. ఒకరు హైడ్రోజన్ వదులుతారు, రెండోవారు వెంటనే తినేస్తారు. తినకపోతే మొదటివారి పని ఆగిపోతుంది. పేడ తొట్టిలోనూ అంతే. హైడ్రోజన్ పేరుకుంటే, పేడ కుళ్లేటప్పుడు పుట్టే ప్రొపియోనిక్ ఆమ్లాన్ని కొరికే బ్యాక్టీరియా చేతులెత్తేస్తుంది, ఆమ్లం మిగిలిపోతుంది. ఇంకోపక్క కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోతే తొట్టి క్షారంగా మారుతుంది. అందుకే చాలామంది గ్యాస్‌ను పక్కన వేరే ట్యాంకులోకి తీసుకెళ్లి, అక్కడ హైడ్రోజన్ కలుపుతారు.

అమ్మాయికి ఇదంతా చెప్పాక లెక్క కూడా వేయించాను. నీళ్లను కరెంటుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 యూనిట్లకు పైనే కావాలి. కిలో మీథేన్‌కు అరకిలో హైడ్రోజన్ చాలు, అంటే 26 యూనిట్లు అనుకుందాం. మన ఇంటి 14.2 కిలోల సిలిండర్ ఇచ్చే వేడికి సుమారు 13 కిలోల మీథేన్ సరిపోతుంది. మొత్తం దాదాపు 340 యూనిట్లు. బొగ్గు కాల్చిన కరెంటుతో ఈ పని చేయడం పిచ్చితనం. మిట్టమధ్యాహ్నం మిగిలిపోయే సౌర కరెంటుకైతే నప్పుతుంది. ఇంటి కప్పు మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు పన్నెండు యూనిట్లు ఇచ్చాయనుకుంటే, అదంతా దీనికే పోసినా ఒక సిలిండర్‌కు నాలుగు వారాలు పడుతుంది.

ఆ అమ్మాయి నోట్సు వెనక అట్ట మీద మళ్లీ ఒకసారి భాగించి చూసుకుంది. "మా ఇంట్లో సిలిండర్ నెలన్నర వస్తుంది మాస్టారూ," అంది.