ఏడాదంతా ఒకే ఆట, ఒకే ప్రాక్టీసు: ఈ చర్చ వెనుక కథ

పదేళ్ల పిల్లల్ని ఏడాది పొడవునా ఒకే ఆటలో, రోజూ ఒకే రకం ప్రాక్టీసులో పెట్టవచ్చా? అకాడమీల్లో పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులను ఇప్పుడు వేధిస్తున్న ఈ ప్రశ్న పరుగు కోచ్‌లకు పాతదే. ఎనభై, తొంభై ఏళ్లుగా వాళ్లు దీని మీద తర్జనభర్జన పడుతూనే ఉన్నారు.

1930ల్లో స్వీడన్ కోచ్ గోస్టా హోల్మెర్ రన్నర్లను ట్రాక్ వదిలించి అడవి బాట పట్టించాడు. కాసేపు జోరుగా, కాసేపు నెమ్మదిగా సాగే ఆ పరుగే ఫార్ట్‌లెక్. జర్మనీలో వోల్డెమార్ గెర్ష్‌లర్ దారి వేరు: గడియారం పెట్టి, లెక్క ప్రకారం విరామాలిస్తూ పరుగెత్తించేవాడు. అతని శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించాడు. ఆ రికార్డు 16 ఏళ్లు చెక్కుచెదరలేదు.

అసలు మలుపు న్యూజిలాండ్‌లో వచ్చింది. ఆక్లాండ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆర్థర్ లిడియార్డ్ ఏళ్ల తరబడి తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకుని ఒక పద్ధతి తయారుచేశాడు. ముందు కొన్ని నెలలు వారానికి 160 కిలోమీటర్ల దాకా నిదానమైన దూరపు పరుగులు, తర్వాత కొండలెక్కే పరుగులు, ఆ తర్వాతే ట్రాక్ మీద వేగం, పోటీల ముందు తేలిక సాధన. 800 మీటర్ల రన్నర్ పీటర్ స్నెల్ కూడా వైటారువా కొండల్లో 35 కిలోమీటర్లు పరుగెత్తాల్సిందే. 1960 సెప్టెంబరు 2న రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లు, అతని సహచరుడు ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లు గెలిచారు. లిడియార్డ్ పేరు చెప్పగానే అందరికీ ఆ 160 కిలోమీటర్లే గుర్తొస్తాయి. నా దృష్టిలో అంతకంటే విలువైనది, నెలలు గడిచేకొద్దీ సాధన తీరు మారిపోవడం.

అదే దేశంలో జాక్ ఫాస్టర్ ఉన్నాడు. 32 ఏళ్లు వచ్చేదాకా అతనిది సైకిల్ రేసుల లోకం. పరుగు ఆ తర్వాతే మొదలుపెట్టాడు. 1974 కామన్వెల్త్ క్రీడల మారథాన్‌లో, 41 ఏళ్ల వయసులో, 2 గంటల 11 నిమిషాల పై చిలుకు సమయంతో రజతం సాధించాడు. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

శరీరం ఒత్తిడికి అలవాటుపడే తీరును వైద్య శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936 నుంచే వివరిస్తూ వచ్చాడు. 1960ల్లో సోవియట్ యూనియన్‌లో క్రీడా శాస్త్రవేత్త లెవ్ మత్వేయెవ్ శిక్షణ ఏడాదిని దశలుగా విడగొట్టే సిద్ధాంతం రాశాడు. సాధనకు ఊపిరి, కండరాలు త్వరగా అలవాటుపడతాయి. ఎముకలు, స్నాయుబంధాలు వెనకబడతాయి. రోజూ ఒకే చోట ఒకే దెబ్బ పడుతుంటే అక్కడే పగుళ్లు వస్తాయి.

పిల్లల విషయంలో గంట మోగించింది అమెరికా బేస్‌బాల్. 1974లో ఒక ప్రొఫెషనల్ పిచర్ (అదేపనిగా బంతి విసిరే ఆటగాడు) కోసం డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి చేసిన మోచేతి ఆపరేషన్, తర్వాతి దశాబ్దాల్లో హైస్కూలు పిల్లలకూ చేయాల్సి వచ్చింది. నార్వే 1987లోనే పిల్లల క్రీడలకు ప్రత్యేక నియమాలు పెట్టుకుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో స్పష్టంగానే చెప్పింది: ఒకే ఆటకు పరిమితం కావడం 15, 16 ఏళ్ల దాకా ఆగాలి. వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో నెల చొప్పున మొత్తం మూడు నెలలు ఆ ఆటకు విరామం ఇవ్వాలి. ర్యాంకింగ్ టోర్నీలు ఏడాదంతా నడిచే ఆటల్లో ఆ మూడు నెలలు దొరకడమే ఇప్పుడు పెద్ద సమస్య.