దూరంగా ఉన్న కెమెరా బొమ్మ మన తెర దాకా ఎలా వస్తుంది?

వంద మీటర్లు. నిఘా కెమెరాలు కొనేముందు ఈ ఒక్క అంకె తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది, టెన్షన్ కూడా తగ్గుతుంది. మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కి ప్రమాణాలు ఇచ్చే హామీ అంతవరకే. ఆ పైన రాగి తీగలో సిగ్నల్ నీరసించి, పక్క తీగల రొదలో కలిసిపోతుంది. ఇంకో ఇరవై మీటర్లు లాగినా బొమ్మ వచ్చిందని సంతోషపడేవాళ్లున్నారు, కానీ అదే కేబుల్‌లో కెమెరాకి కరెంటు కూడా వెళ్తోందని మర్చిపోతారు. 2003 నాటి ప్రమాణం ప్రకారం స్విచ్ (నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) దగ్గర 15.4 వాట్లు ఇస్తే వంద మీటర్ల అవతల కెమెరాకి కచ్చితంగా దక్కేది 12.95 వాట్లే, మిగతాది తీగలోనే వేడిగా పోతుంది. పగలంతా బాగా పనిచేసిన కెమెరా చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఆగి ఆగి మళ్లీ మొదలవుతోందంటే ముందు కేబుల్ పొడవు కొలవండి.

అసలు పంపాల్సిన సరుకు ఎంతో చూడండి. 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు, చుక్కకి 24 బిట్లు, సెకనుకి 25 బొమ్మలు: గుణిస్తే సెకనుకి 124 కోట్ల బిట్లు! హెచ్.264, హెచ్.265 లాంటి వీడియో కుదించే పద్ధతులు దీన్ని సుమారు 40 లక్షలకి దించేస్తాయి. కదలని గోడని పదే పదే పంపడం దండగ కాబట్టి ఒక పూర్తి బొమ్మ పంపి, ఆ తర్వాత మారిన ముక్కలు మాత్రమే పంపుతాయి. అయినా రోజుకి ఒక్క కెమెరాకే 43 జీబీ అవుతుంది. పైగా ఆ పూర్తి బొమ్మలో ఒక ముక్క దారిలో పోయిందా, మళ్లీ పూర్తి బొమ్మ వచ్చేదాకా తెర మీద అంతా అలికేసినట్టు కనిపిస్తుంది. అందుకే నా దృష్టిలో లింకు వేగం కన్నా నిలకడ ముఖ్యం.

తవ్వి కేబుల్ వేసే వీలుంటే రెండో ఆలోచన లేకుండా ఫైబర్, అంటే కాంతిని మోసే సన్నటి గాజు తీగ, వేయండి. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ గాజులో మలినాలు తగ్గిస్తే చాలు, కాంతితో కబురు పంపొచ్చని లెక్కలు కట్టారు. కిలోమీటరు తర్వాత నూటికి ఒక వంతు కాంతి మిగిలినా సరిపోతుందన్నది అప్పటి లక్ష్యం. ఇప్పటి మంచి ఫైబర్‌లో కిలోమీటరు దాటాక సుమారు 95 శాతం మిగులుతుంది! పది కిలోమీటర్ల దూరం దానికి చాలా మామూలు. ఇంకో మేలు నాకు ఇంతకన్నా ఇష్టం: గాజులో కరెంటు పారదు. దూరాన స్తంభం దగ్గర పిడుగు పడితే రాగి తీగ ఆ దెబ్బని కంట్రోల్ రూమ్ దాకా మోసుకొస్తుంది, లోహపు తొడుగు లేని ఫైబర్ మోసుకురాదు.

తవ్వడం కుదరకపోతే వైర్‌లెస్. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, అవతలి యాంటెన్నా కంటికి కనిపిస్తే చాలనుకోవడం. రేడియో తరంగాలకి సన్నటి గీత చాలదు, మధ్యలో లావుగా ఉబ్బిన దారి కావాలి. దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. 5.8 గిగాహెర్ట్జ్‌లో ఐదు కిలోమీటర్ల లింకుకి నడిమధ్యన గీతకి చుట్టూ ఎనిమిది మీటర్ల మేర ఉంటుంది, అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలి. ఆకులు రాలిన కాలంలో బిగించిన లింకు చెట్లు చిగురించాక కుంటుపడేది ఇందుకే.

మొబైల్ సిమ్‌తో పంపేటప్పుడు డౌన్‌లోడ్ వేగం చూసి మోసపోకండి, మనకి కావాల్సింది అప్‌లోడ్. కెమెరాని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టొద్దు, వీపీఎన్ (ఇంటర్నెట్ లోపలే బయటివాళ్లు చూడలేని రహస్య దారి) ద్వారానే కలపండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనీ రికార్డర్లనీ లక్షల్లో లొంగదీసుకుంది.

ఏ దారి ఎంచుకున్నా, ఏదో ఒక రోజు తెగుతుంది. గాలివాన వచ్చినప్పుడో, ఎవరైనా కావాలని కోసినప్పుడో, అంటే మనకి రికార్డింగ్ బాగా అవసరమైన వేళలోనే. కాబట్టి కెమెరాలోనే మెమరీ కార్డు ఉండాలి, అక్కడ దానికో బ్యాటరీ ఉండాలి. తెర మీద ఆగిపోయిన చివరి బొమ్మ చూడ్డానికి ఎంతో ప్రశాంతంగా ఉంటుంది, ఏమీ జరగట్లేదని నమ్మిస్తుంది. లింకు పోయిన కొన్ని సెకన్లలోనే కంట్రోల్ రూమ్‌లో అలారం మోగేలా పెట్టించండి, మోగుతోందో లేదో నెలకోసారి మీరే కేబుల్ పీకి చూడండి.