పసుపు చీటీ మీది అంకె

పిల్లలూ,

హైదరాబాద్ నుంచి వరంగల్ వస్తుంటే ఓ వ్యాన్ మీద మూడు రేకుల నల్ల గుర్తు కనిపించిందని, పక్కనుంచి పోతే ఏమన్నా అవుతుందా అని అడిగారు గదా. అది రేడియోధార్మిక పదార్థాలు మోసే బండికి పెట్టే గుర్తు. ఆస్పత్రుల స్కానింగ్‌కు వాడే టెక్నీషియం, బాయిలర్ పైపుల వెల్డింగ్ పరీక్షకు వాడే ఇరిడియం, అన్నీ ఇట్లా రోడ్డు మీద రావాల్సినవే. టెక్నీషియం ఆరు గంటలకే సగమైపోతుంది. కొని దాచుకునే సరుకు కాదు.

బండి కదిలే ముందే ఆ పదార్థం ఉన్న పెట్టెను సర్వే మీటర్‌తో, అంటే రేడియేషన్ ఎంతుందో చూపే పరికరంతో, కొలుస్తారు. ముందు పెట్టెకు దూరంగా నిలబడి చూస్తే అక్కడా సున్నా రాదు. మన హనుమకొండ గుట్టల గ్రానైట్‌లోనూ కాస్తంత యురేనియం, థోరియం ఉంటాయి మరి. ఆ అంకె తెలిస్తేనే పెట్టెది ఎంతో తేలుతుంది. తర్వాత పెట్టె అన్ని వైపులా ఆనించి మెల్లగా తిప్పుతారు. ఏదో ఒక మూలన ఎక్కువ పలుకుతుంది. ఆ ఎక్కువే లెక్క, సగటు పనికిరాదు.

ఆపైన ఒక మీటరు దూరం నుంచి కొలత. గంటకు ఎన్ని మిల్లీసీవర్ట్‌లో (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలమానం అది) చూసి 100తో గుణిస్తారు. 0.0072 వస్తే 0.72. దాన్ని 0.8 అనే రాయాలి, ఎప్పుడూ పైకే సవరించాలి. పెట్టెకు అంటించే హెచ్చరిక చీటీ మీద చిన్న గడిలో ఉండేది ఈ అంకే. లోపల సరుకు ఎంతో చెప్పేది వేరే గడి. బయటి మనిషి దాకా ఎంత వస్తోందో చెప్పేది ఇది. ఇది 1 దాటకుండా, పెట్టెకు ఆనించినప్పుడు గంటకు 0.5 మిల్లీసీవర్ట్ మించకుండా ఉంటే పసుపు రెండో రకం చీటీ. ఏది మించినా మూడో రకం.

ఇంకో పరీక్ష ఉంది. బోర్డు తుడిచిన చేతికి సుద్దపొడి అంటినట్టు పెట్టె పైన పదార్థం అంటి ఉండొచ్చు. సర్వే మీటర్‌కు అది విడిగా తెలియదు. అందుకే చిన్న కాగితంతో 300 చదరపు సెంటీమీటర్లు తుడిచి, ఆ కాగితాన్ని కొలుస్తారు. బీటా, గామా కిరణాలు వెదజల్లే పదార్థాలైతే చదరపు సెంటీమీటరుకు 4 బెకరెల్‌లు మించకూడదు. సెకనుకు ఒక్క పరమాణువు విచ్ఛిన్నమైతే ఒక బెకరెల్.

ఖాళీ పెట్టె తిరిగి పంపినా కొలవాల్సిందే. పాత చీటీ పీకకుండా పంపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉత్త పెట్టెకు జనం జడుసుకుంటే, రేపు నిజం చీటీని ఎవరు పట్టించుకుంటారు?

ఇక మీ వ్యాన్ సంగతి. బండికి 2 మీటర్ల దూరంలో గంటకు 0.1 మిల్లీసీవర్ట్ దాటకూడదని నియమం. ఓవర్‌టేక్ చేసిన ఆ కొద్ది సెకన్లకు టెన్షన్ అక్కర్లేదు. దాబా దగ్గర ఆగి ఉంటే మాత్రం దానికి ఆనుకుని సెల్ఫీలు దిగకండి.

మీ తాత