పసుపులో సీసం జాడ తీసిన రసాయన శాస్త్రం

బంగ్లాదేశ్ పల్లెల్లో 430 మంది గర్భిణుల రక్తాన్ని పరిశోధకులు పరీక్షించినప్పుడు వారిలో 31 శాతం మందికి సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉన్నట్లు తేలింది. వీరు కార్ఖానాల పొగ నడుమ బతికే నగరవాసులు కారు, వ్యవసాయం మీద ఆధారపడిన కుటుంబాల స్త్రీలు. సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆ దేశంలో 1999లోనే ఆగిపోయింది. మరి ఇంత సీసం వారి ఒంట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నా ఫోర్సిత్, స్టీఫెన్ లూబీ, ఢాకాలోని అంతర్జాతీయ అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలతో కలిసి ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. మట్టి, పురుగుమందులు, సీసంతో అతికిన ఆహారపు డబ్బాలు, తిండి గింజలు అన్నింటి మీదా మొదట అనుమానం ఉంది. చివరకు వేలు చూపింది మాత్రం ప్రతి వంటింట్లోనూ పోపుల పెట్టెలో ఉండే పసుపు వైపు.

ఆ నిర్ధారణకు దారి చూపింది సీసం పరమాణువుల పుట్టుక. ప్రకృతిలో సీసానికి 204, 206, 207, 208 అనే నాలుగు స్థిర ఐసోటోపులు, అంటే బరువులో మాత్రమే తేడా ఉన్న పరమాణు రకాలు ఉన్నాయి. వీటిలో 204 భూమి పుట్టినప్పటి నుంచి ఉన్నదే. మిగిలిన మూడింటికి యురేనియం, థోరియం కోట్ల ఏళ్లుగా క్షయించి సీసంగా మారుతూ వస్తున్నందువల్ల కొత్త పరమాణువులు చేరుతూ ఉంటాయి. అందువల్ల ఏ గనిలోని ఖనిజం ఎప్పుడు ఏర్పడింది, దాని చుట్టూ యురేనియం ఎంత ఉండేది అన్నదాన్ని బట్టి ఈ నాలుగింటి పాళ్లు గనికొక తీరుగా ఉంటాయి. ఆ సీసాన్ని కరిగించినా, రంగుగా మార్చినా, మనిషి మింగినా ఆ పాళ్లు దాదాపుగా మారవు. గర్భిణుల రక్తంలోని సీసపు పాళ్లను అనుమానితుల జాబితాలోని ఒక్కొక్క పదార్థంతో పోల్చి చూస్తే, పసుపులోనివీ పసుపుకు పూసే రంగులోనివీ వాటికి సరిపోయాయి. 2019లో వెలువడిన ఈ ఫలితాలు ప్రజారోగ్య పరిశోధనలో ఐసోటోపుల లెక్క ఎంత నికార్సయిన సాక్ష్యం ఇవ్వగలదో చూపించాయి.

పసుపు మొక్క నేల నుంచి ఇంత సీసాన్ని పీల్చుకోదు. అది బయటి నుంచి వచ్చి చేరినది, దాని పేరు లెడ్ క్రోమేట్. ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త లూయీ నికొలా వోక్లాఁ 1797లో సైబీరియా నుంచి వచ్చిన ఎర్రని సీసపు ఖనిజంలో క్రోమియం అనే మూలకాన్ని కనుగొన్నాడు. ఆ ఖనిజం లెడ్ క్రోమేటే. కాలక్రమంలో అదే పదార్థం క్రోమ్ ఎల్లో పేరుతో చిత్రకారుల రంగుపెట్టెల్లోకీ, రోడ్ల మీది గీతల్లోకీ, యంత్రాలకు పూసే పెయింట్లలోకీ వెళ్లింది. ఒక అణువులో ఒక సీసపు పరమాణువు, ఒక క్రోమియం పరమాణువు, నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. పసుపు నమూనాలో సీసం, క్రోమియం రెండూ పరమాణువుల లెక్కన సమానంగా కనిపిస్తే, అది మట్టి నుంచో నీటి నుంచో యాదృచ్ఛికంగా అంటినది కాదనీ, ఎవరో రంగు కలిపారనీ చెప్పడానికి బలమైన ఆధారం దొరికినట్లే.

ఎంత కలిపితే ఎంత ప్రమాదమో ఒకసారి లెక్క వేసి చూద్దాం. లెడ్ క్రోమేట్ బరువులో దాదాపు 64 శాతం సీసమే. కిలో పసుపులో ఒకటిన్నర గ్రాముల లెడ్ క్రోమేట్ పడితే చాలు, ఆ పసుపులో కిలోకు దాదాపు వెయ్యి మిల్లీగ్రాముల సీసం చేరుతుంది. అంటే గ్రాము పసుపులో వెయ్యి మైక్రోగ్రాములు. ఇంట్లో ఒక పిల్లవాడికి రోజుకు అర గ్రాము పసుపు కూరల్లో వెళ్తుందనుకుంటే, 500 మైక్రోగ్రాముల సీసం వెళ్లినట్లు. తిండి ద్వారా పిల్లలకు చేరే సీసం రోజుకు 2.2 మైక్రోగ్రాములు దాటకుండా చూడాలన్నది అమెరికా ఆహార, ఔషధ సంస్థ పెట్టుకున్న ప్రమాణం. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న అంతరాన్ని చూస్తే, కంటికి కనిపించని ఆ చిటికెడు రంగు ఎంతటి విషమో అర్థమవుతుంది.

రంగు ఎందుకు కలుపుతారన్న ప్రశ్నకు సమాధానం పసుపు తయారీలోనే ఉంది. తవ్వి తీసిన దుంపలను ఉడకబెట్టి కల్లంలో రోజుల తరబడి ఎండబెట్టాక, కొమ్ముల మీద గరుకైన మట్టిరంగు పొట్టు మిగులుతుంది. దాన్ని వదిలించడానికి కొమ్ములను గిరగిర తిరిగే డ్రమ్ముల్లో పోసి పాలిష్ పట్టిస్తారు. చివర్లో పసుపు పొడిని నీళ్లలో కలిపి చల్లి కొమ్ములకు నిగారింపు తేవడం కూడా ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే, అందులో తప్పేమీ లేదు. బంగ్లాదేశ్‌లో ఆ పసుపు పొడి స్థానంలోకి లెడ్ క్రోమేట్ రంగు వచ్చి కూర్చుంది. 1980వ దశకంలో వరదలకు తడిసిన పంట రంగు చెడి మాసిపోయినప్పుడు దాన్ని అమ్ముకోవడానికి ఈ పని మొదలైందనీ, కొనేవాళ్లు మెరిసే కొమ్ములనే కోరుకోవడంతో అది అలవాటుగా స్థిరపడిపోయిందనీ అక్కడి వ్యాపారులు పరిశోధకులకు చెప్పారు. పసుపు ఎక్కువగా పండించే తొమ్మిది జిల్లాల్లో పరీక్షించగా ఏడింటిలో ఈ కల్తీ బయటపడింది. ఇది రైతు చేసిన పని కాదు. పొలం దాటిన తర్వాత, పాలిష్ మిల్లులో, టోకు వ్యాపారి కోరిక మీద జరిగిన పని. రంగు కలిపినవారిలో చాలామందికి అది సీసమన్న సంగతే తెలియదు. ఆ పొడి ఎగిరే గదిలో రోజంతా ఊపిరి పీల్చిన మిల్లు కూలీలే అందరికంటే ముందు దాని బారిన పడ్డారు.

సీసం శరీరంలో చేసే హాని దాని రసాయన స్వభావం నుంచే వస్తుంది. రెండు ధనావేశాలున్న సీసపు అయాను కాల్షియానికీ జింకుకూ దగ్గరి పోలికలతో ఉంటుంది కనుక, శరీరం దాన్ని గుర్తు పట్టలేక వాటికోసం ఉన్న దారులన్నీ దానికీ తెరుస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు కావలసిన హీమ్ అనే పదార్థం తయారీకి అవసరమైన అలాడ్ అనే ఎంజైములో జింకు ఉండాల్సిన చోట సీసం చేరితే, మారు తాళంచెవి తాళంలో దూరి తిరగకుండా ఇరుక్కుపోయినట్లు ఆ ఎంజైము పనిచేయడం మానేస్తుంది. రక్తహీనత మొదలయ్యే దారుల్లో అదొకటి. ఎదిగే మెదడులో నరకణాలు ఒకదానితో ఒకటి సంకేతాలు పంపుకోవడానికి కాల్షియమే ఆధారం కాబట్టి, అక్కడ సీసం జోక్యం చేసుకుంటే పిల్లల నేర్చుకునే శక్తి, ఏకాగ్రత, తెలివితేటలు దెబ్బతింటాయి. పెద్దవాళ్లలో రక్తపోటు, గుండె జబ్బులు, మూత్రపిండాల సమస్యలు పెరుగుతాయి. మింగిన సీసంలో పెద్దలు సుమారు పదో వంతు మాత్రమే ఒంటపట్టించుకుంటే చిన్నపిల్లలు సగం దాకా పట్టించుకుంటారు. ఇంతవరకే భద్రం అని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది.

గర్భిణులనే ఆ పరిశోధన ఎంచుకోవడంలో మరో ప్రాముఖ్యం కూడా ఉంది. రక్తంలోని సీసం సుమారు నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది గానీ, ఎముకల్లో చేరినది దశాబ్దాల పాటు అక్కడే ఉంటుంది. కడుపులో బిడ్డ ఎముకలు కట్టుకోవడానికి తల్లి ఎముకల్లోని కాల్షియం కరిగి వచ్చేటప్పుడు, ఆమె చిన్ననాటి నుంచి కూడబెట్టుకున్న సీసం కూడా దానితో బయటికి వచ్చి మాయను దాటి బిడ్డను చేరుతుంది. పసుపు లేకుండా వంట ఊహించలేని చోట, ఒక తరం తిన్న విషం రెండో తరం మెదడు దాకా వెళ్తున్నదన్న మాట.

తర్వాత జరిగిన దానికి ప్రజారోగ్య చరిత్రలో తప్పక చోటు దక్కాలని నా నమ్మకం. 2019లో పరిశోధన వెలువడగానే బంగ్లాదేశ్ ఆహార భద్రతా సంస్థ పరిశోధకులతో కలిసి రంగంలోకి దిగింది. పత్రికలు, టీవీలు దాన్ని ఊరూరా చాటాయి. బజార్లలో వేల సంఖ్యలో హెచ్చరిక నోటీసులు అంటించారు. ఢాకాలోని శ్యాంబజార్ టోకు మార్కెట్ మీద దాడి చేసినప్పుడు అధికారులు చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరాన్ని వెంట తీసుకెళ్లారు. ఆ పరికరం నుంచి వెలువడే ఎక్స్ కిరణం పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను తన్నివేస్తుంది. ఆ ఖాళీలోకి పై కక్ష్యలోని ఎలక్ట్రాన్ దూకేటప్పుడు, ఆ మూలకానికి మాత్రమే చెందిన శక్తితో మరో ఎక్స్ కిరణం బయటికి వస్తుంది. నమూనాను ప్రయోగశాలకు పంపి వారాల తరబడి ఎదురుచూసే పని లేకుండా, బస్తా ముందు నిలబడి కాసేపట్లోనే సీసం ఉందో లేదో తేల్చవచ్చు. ఇద్దరు టోకు వ్యాపారులకు అక్కడికక్కడే జరిమానా పడింది, ఆ దృశ్యం దేశమంతా టీవీలో చూసింది. 2019లో పరీక్షించిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపిస్తే, 2020 మొదట్లో అది 5 శాతానికి తగ్గి, 2021 నాటికి సున్నాకు చేరింది. మిల్లు కార్మికుల రక్తంలోని సీసం మధ్యస్థంగా 30 శాతం పడిపోయింది. ముప్పై ఏళ్ల దురలవాటు రెండేళ్లలో ఆగిపోయింది!

అదే బృందం తర్వాత మన వైపు చూపు తిప్పింది. 2020 డిసెంబరు నుంచి 2021 మార్చి వరకు భారత్, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ దేశాల్లోని 23 నగరాల్లో 356 పసుపు నమూనాలను సేకరించి పరీక్షించిన ఆ అధ్యయనం 2024లో వెలువడింది. వాటిలో 14 శాతం నమూనాల్లో సీసం కిలోకు 2 మిల్లీగ్రాములను దాటింది. పట్నాలోనూ, పాకిస్తాన్‌లోని కరాచీ, పెషావర్ నగరాల్లోనూ కొన్ని నమూనాల్లో అది వెయ్యి మిల్లీగ్రాములకు మించింది. సీసం ఎక్కువగా ఉన్న నమూనాలన్నింటిలోనూ సీసం, క్రోమియం దాదాపు సరిసమానంగా ఉన్నాయి. 2023లో అమెరికాలో పిల్లల కోసం పొట్లాల్లో అమ్మిన ఆపిల్ గుజ్జులో సీసం బయటపడినప్పుడు కూడా, అందులో వేసిన దాల్చినచెక్క పొడిలో ఇదే జంట కనిపించింది. అంటే ఈ బెడద ఒక్క పసుపుదీ కాదు, ఒక్క దక్షిణాసియాదీ కాదు.

మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పసుపులో సీసానికి పెట్టిన గరిష్ఠ పరిమితి కిలోకు 10 మిల్లీగ్రాములు, లెడ్ క్రోమేట్ అయితే అసలు ఉండనే కూడదు. పైన వేసిన లెక్క ప్రకారం, ఆ పరిమితికి లోబడిన పసుపును అర గ్రాము తిన్నా పిల్లవాడికి 5 మైక్రోగ్రాముల సీసం చేరుతుంది. అది అమెరికా ప్రమాణానికి రెండింతలకు పైమాటే. పసుపును రోజూ, మూడు పూటలా వాడే దేశంలో ఈ పరిమితి ఇంకా కింద ఉండాల్సిన అవసరం ఉందని నా అభిప్రాయం.

తెలుగువారికి ఈ విషయం రెండు విధాలుగా దగ్గరిది. నిజామాబాద్, ఆర్మూర్, దుగ్గిరాల ప్రాంతాల రైతులు పండించే పసుపు దేశం నలుమూలలకూ, విదేశాలకూ వెళ్తుంది. జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం కూడా 2025లో నిజామాబాద్‌లోనే ఏర్పడింది. మార్కెట్ యార్డుకు వచ్చిన కాడి (కొమ్ము), గోళ (ఉండ) రాశులకు రంగును బట్టి, పసుపుకు ఆ రంగునిచ్చే కుర్కుమిన్ శాతాన్ని బట్టి ధర కట్టే చోట, ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరీక్షను కూడా రివాజు చేయడం బోర్డు చేతిలో పని. పొలం నుంచి వచ్చే సరుకు శుభ్రమైనదని కాగితం మీద రుజువైతే, ఎక్కడో మిల్లులో జరిగే కల్తీ నింద రైతు మీద పడదు, ఎగుమతి ధరకూ దెబ్బ తగలదు.

రెండోది మన పిల్లల ఆరోగ్యం. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో ఆస్పత్రుల పాలైనప్పుడు, రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలిన వార్తతో ఆ లోహం పేరు కొన్నాళ్లు ఇంటింటా వినిపించింది. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గారు, సీసం సంగతి మరుగున పడింది. కానీ ఆహారంలోని సీసం అలా ఒక్క రాత్రిలో బయటపడే జబ్బు కాదు. పిల్లవాడు చదువులో వెనకబడతాడు, నీరసంగా ఉంటాడు, ఎవరికీ అనుమానం రాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో దేశంలోని అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు చెప్పింది. ఇనుము తక్కువైన ఒళ్లు సీసాన్ని మరింతగా పట్టించుకుంటుంది, ఆ సీసం రక్తహీనతను ఇంకా పెంచుతుంది. హిమోగ్లోబిన్ కోసం వేలి నుంచి రక్తపు చుక్క తీసిన ఆ సర్వే లాంటి వాటిలో, కొన్ని జిల్లాల్లోనైనా సీసాన్ని కూడా కొలిస్తే, ఏ జిల్లాలో పసుపు మీద, ఏ జిల్లాలో పాత బ్యాటరీల మీద, ఏ జిల్లాలో పెయింట్ల మీద దృష్టి పెట్టాలో తెలుస్తుంది.

ఇంట్లో చేసుకోగల పరీక్షల గురించి కూడా ఒక మాట చెప్పాలి. గ్లాసు నీళ్లలో పసుపు వేసి చూడమనే సలహా కరిగే కృత్రిమ రంగులకు కొంత పనికొస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసినప్పుడు వచ్చే గులాబీ రంగు నీళ్లు పోసినా పోకపోవడం మెటానిల్ ఎల్లో అనే కృత్రిమ రంగుకు గుర్తు. లెడ్ క్రోమేట్ మాత్రం నీటిలో దాదాపు కరగదు. సున్నం కలిపితే పసుపు ఎర్రబడడం కుర్కుమిన్ ఉందని చెబుతుందే గానీ, దాని పక్కన సీసం లేదని చెప్పదు. కొమ్ములు కొని పట్టించుకునేవారు అసహజంగా మెరిసే కొమ్ములకు బదులు గరుకుగా, కాస్త మాసినట్లుండే పాలిష్ పట్టని కొమ్ములను ఎంచుకోవడం మేలు. పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములు దాటితే సీసాన్ని పట్టి బయటికి పంపే మందులు ఇస్తారు. అంతకంటే తక్కువ ఉన్నప్పుడు అది ఒంట్లోకి వచ్చే దారిని మూసేయడం, ఇనుము, కాల్షియం సరిపడా ఉన్న తిండి పెట్టడం తప్ప వైద్యుడి చేతిలో పెద్దగా ఉండేదేమీ లేదు. మెదడుకు అప్పటికే జరిగిన నష్టాన్ని ఆ మందులు కూడా పూడ్చలేవు కనుక, ఈ జబ్బుకు అసలు చికిత్స టోకు బజారులోనూ, పాలిష్ మిల్లులోనూ జరగాలి.